మంగోలియా కాపరుల మీద రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. గుర్రాలు, గాలి, తెల్లటి గేర్ గుడారాలు బాగా వచ్చాయి. కానీ మధ్యలో "సోషలిజం పోయాక కాపరులకు పని మీద శ్రద్ధ తగ్గింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ మాట తీసెయ్ నాన్నా. ఎవరన్నారది? సొంత మంద ఉన్నవాడి గురించా, పట్నంలో ఉండే ఆసామి మందను జీతానికి కాసేవాడి గురించా?

1950ల చివరికల్లా కాపరులను దాదాపు అందర్నీ నెగ్దెల్ అనే సంఘాల్లో చేర్చేశారు. మంద సంఘానిది, కాపరికి జీతం, ముసలితనంలో పెన్షన్. ఒకరికి గొర్రెలు, ఇంకొకరికి గుర్రాలు అప్పగించేవాళ్లు. మకాం మార్చాలంటే సంఘం లారీ వచ్చేది, పశువుకు జబ్బు చేస్తే డాక్టరు వచ్చేవాడు. పైనుంచి టార్గెట్లూ తప్పేవి కావు. 1990ల మొదట్లో సంఘాలు రద్దు చేసి పశువుల్ని పంచేశారు. ఉద్యోగాలు పోయిన పట్నంవాళ్లు కూడా మందల్లోకి దిగారు. పశువులు చేతికొచ్చాయి, లారీ మాత్రం రాలేదు.

ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తానన్నావుగా. మేకలు దువ్వే చోట కూర్చో. మేకను పక్కకు పడుకోబెట్టి, కాళ్లు కట్టి, వంకీ పళ్ల దువ్వెనతో లోపలి నూగు లాగుతారు. పూటంతా అదే పని, నడుము పడిపోతుంది. ఒక్కో మేకకు వచ్చేది సుమారు పావుకిలో. ఆ కష్మీర్ ఉన్ని డబ్బుతోనే పిండి, పిల్లల చదువు, బ్యాంకు వాయిదా. 1990లో 50 లక్షలున్న మేకలు 1999కి కోటి దాటాయంటే కారణం అదే. మేకలు పెరిగితే పచ్చిక దెబ్బతింటుందని వాళ్లకూ తెలుసు. కానీ 1992 రాజ్యాంగం ప్రకారం పచ్చిక బయళ్లు ఎవరి సొంతమూ కావు. తను మేకల్ని తగ్గించుకుంటే ఆ గడ్డి పక్కవాడి మంద మేస్తుంది. ఆ టెన్షన్ నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

మన గొల్ల కురుమలతో పోల్చిన పేరా కూడా వద్దు. మన దగ్గర కోతలయ్యాక ఎరువు కోసం చేలో మంద పెట్టించుకునే రైతు ఉంటాడు. మంగోలియా స్తెప్పీ గడ్డి మైదానాల్లో ఆ రైతేడీ?

జుద్ గురించి, అంటే మందల్ని చంపే చలికాలపు విపత్తు గురించి ఇంకా రాయాలి. మంచు కరిగి మళ్లీ గడ్డకడితే పశువు గిట్టతో తవ్వినా గడ్డి అందదు. 1999 నుంచి వరసగా మూడు చలికాలాల్లో కోటికి పైగా పశువులు చచ్చిపోయాయి. మంద పోయినవాళ్లు కొందరు రాజధాని ఉలాన్‌బాతర్ అంచుల్లో గేర్లు వేసుకున్నారు. ఇంకొందరు ఆకుపచ్చ ప్లాస్టిక్ బేసిన్లు వీపున కట్టుకుని బంగారం కోసం గోతులు తవ్వారు. వీపున ఆ బేసిన్లతో కార్టూన్లోని నింజా తాబేళ్లలా కనిపిస్తారని జనం వాళ్లను నింజాలన్నారు. చేతుల్తో గొయ్యి తవ్వి అందులోకి దిగేవాడికి శ్రద్ధ లేదని ఎలా రాస్తాం?

1990లలో మందకు మనిషి కావాలని మగపిల్లల్ని బడి మాన్పించిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు ఇప్పుడు నలభై అటూ ఇటూ ఉంటాయి. అలాంటి ఒకర్ని పట్టుకుని, కొడుకు మందతోనే ఉండాలనుకుంటున్నాడా, ఎందుకని అడుగు. పక్కన భార్య ఉంటే ఆమెనూ విడిగా అడుగు. ఇద్దరి జవాబులూ చేరాకే నాకు రెండో డ్రాఫ్ట్ పంపు.