మెయిళ్ళ బృందంలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

వికీపీడియాకి వచ్చే మెయిళ్ళు చూసే వీఆర్‌టీ బృందంలో చేరతానన్నావు, సంతోషం. ఆధార్ కాపీ ఎవరికి పంపాలని అడిగావు. ఎవరికీ పంపకు.

ఒకప్పుడు రుజువు చూపాల్సి వచ్చేది. 2007లో ఇంగ్లీషు వికీపీడియాలో పెద్ద బాధ్యతల్లో ఉన్న ఒకాయన, మతశాస్త్రం ప్రొఫెసర్నని చెప్పుకు తిరిగినవాడు, తీరా చూస్తే 24 ఏళ్ళ కుర్రాడని తేలి పెద్ద గొడవైంది. జనం వివరాలు చేతికొచ్చే వాళ్ళంతా తామెవరో రుజువు చూపాలని వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ తీర్మానించింది కూడా ఆ ఏడాదే. పాస్‌పోర్టో లైసెన్సో ఫ్యాక్సులోనో మెయిల్లోనో పంపేవాళ్ళు. అక్కడ చూసి చెరిపేసేవాళ్ళు. అది అసలుదో నకిలీదో తేల్చేదెవరు? పోనీ దాచిపెడదామా అంటే, ఆ కట్ట ఎవరి చేతిలోనైనా పడితే ముందు మునిగేది మారుపేరుతో రాసేవాళ్ళే. చాలా చర్చ జరిగాక 2014లో ఫౌండేషన్ బోర్డు విధానం మార్చింది. ఇప్పుడు వయసు (నీకు 18 దాటాయి, ఆ బెంగ లేదు), పనిచేసే మెయిల్, గోప్యతా ఒప్పందం మీద సంతకం. అంతే. నన్నడిగితే ఇదే నయం.

ఆ ఒప్పందం మాత్రం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" నొక్కకు. బృందం నుంచి తప్పుకున్నాక కూడా అది నిన్ను వదలదు.

వికీపీడియాకి తోబుట్టువైన ఉచిత పుస్తకాల సైటు వికీసోర్సుకి పుస్తకం ఇస్తూ ఓ పెద్ద రచయిత అనుమతి మెయిల్ పంపాడనుకో. అందులో ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, మధ్యలో కొడుకుతో ఆస్తి తగాదా కూడా ఉండొచ్చు. మనవాళ్ళకి ఉత్తరం మొదలుపెడితే ఆపడం తెలీదు కదా! పుస్తకం పేజీలో నువ్వు పెట్టాల్సింది అనుమతి అందిందన్న మాట, టికెట్ నంబరు (ఆ మెయిల్‌కి బృందం దగ్గర పడే నంబరు). స్క్రీన్‌షాట్ తీసి తెలుగు వికీపీడియా వాట్సాప్ గ్రూపులో వెయ్యకు. నేనడిగినా చెప్పకు; అడుగుతాను, నాకు కుతూహలం ఎక్కువ.

ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టుకో. పాస్‌వర్డు పోయిందని అనుమానమొస్తే సిగ్గుపడకుండా వెంటనే బృందానికి చెప్పు. ఫౌండేషన్ వాళ్ళమంటూ ఎవరైనా గుర్తింపు కార్డు అడిగితే జవాబివ్వకుండా ముందు మెటావికీలో (వికీ ప్రాజెక్టులన్నిటికీ ఉమ్మడి సైటు) విచారించు. ఇంకో సంస్థలో చేరుతున్నప్పుడు ఆధార్ తప్పదంటే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వు.

సంతకం చేసినవాళ్ళ జాబితా మెటావికీలో ఉంటుంది, నీ వాడుకరి పేరు అందరికీ కనబడుతుంది. అది నీకు ఇబ్బందైతే దరఖాస్తు పెట్టకముందే ఆలోచించుకో.

ఇట్లు,
మావయ్య