జిప్సీకి 1.3 ఇంజిన్ వేస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ ప్యాకింగులు: ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ కుదరదు

పాత 970 సీసీ మారుతి జిప్సీలో ఇంజిన్ దించేసి మారుతి ఎస్టీమ్ కారు 1.3 ఇంజిన్ ఎక్కిస్తున్నారు, ఖర్చు అనుకున్నదానికంటే ఎప్పుడో దాటిపోయింది, ఎగ్జాస్ట్ ప్యాకింగులైనా (జాయింట్లలోంచి పొగ బయటికి రాకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్లు) చవకలో అయిపోవాలి, ఏవి తీసుకోవాలి అన్నది కదా మీ ప్రశ్న. ఇదే బండికి ఇదే పని నేను ఒడిశాలోని రాయగడలో చేయించాను. మానిఫోల్డ్ (ఇంజిన్ పొగని పోగుచేసి పైపులోకి పంపే భాగం) మూడుసార్లు విప్పించాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

అన్నిటికంటే ముందు, ఇంజిన్ మారిన బండికి ప్యాకింగ్ బండి పేరు చెప్పి కొనకండి. ఇంజిన్ పై భాగమైన హెడ్డుకీ మానిఫోల్డ్‌కీ మధ్య వచ్చేది ఇంజిన్‌ని బట్టి ఉంటుంది. మానిఫోల్డ్ కింద బెండ్ పైపు దగ్గర వచ్చేది మీరు ఏ మానిఫోల్డు, ఏ పైపు వాడుతున్నారో దాన్ని బట్టి. అక్కణ్ణుంచి సైలెన్సర్ దాకా మీ పాత పైపే కాబట్టి పాత సైజే. "జిప్సీ ప్యాకింగ్ ఇవ్వండి" అంటే కౌంటర్లో అబ్బాయి పాత ఎఫ్10ఏ ఇంజిన్‌ది తీసి ఇస్తాడు, అది ఎస్టీమ్ 1.3 ఇంజిన్ (జీ13) హెడ్డుకి కూర్చోదు. "ఎస్టీమ్‌ది" అన్నా సరిపోదు, ఎందుకంటే ఎస్టీమ్ మొదట్లో 8 వాల్వుల కార్బురేటర్ ఇంజిన్‌తో వచ్చింది, తర్వాత 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేది) వచ్చింది, రెండు హెడ్డులూ వేరు. పైగా ఎస్టీమ్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. అందుకే చాలామంది జిప్సీ కింగ్ (1.3 ఇంజిన్‌తోనే వచ్చిన జిప్సీ) మానిఫోల్డ్ వెతికి వేస్తారు. నేనూ గాజువాక ఆటోనగర్ వెళ్లి పాతది ఒకటి తెచ్చుకున్నాను, నాది 16 వాల్వుల ఇంజిన్.

మొదటిసారి మానిఫోల్డ్ ప్యాకింగ్ ఒక షాపులో షీటు మీద కత్తిరించి ఇచ్చారు, 70 రూపాయలు. చూడ్డానికి నీట్‌గానే ఉంది. మూడు వారాలకి కాశీపూర్ వైపు ఘాట్ ఎక్కుతుంటే పొద్దున్నే టిక్ టిక్ మని చప్పుడు, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోయేది. టాపెట్ల చప్పుడేమో అనుకుని వదిలేశాను. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు తగ్గుతుందని అప్పటికి నాకు తెలియదు. పెట్రోల్ ఇంజిన్ లోడ్ మీద ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ గ్యాసు 700, 800 డిగ్రీలు దాటుతుంది, మామూలు జాయింటింగ్ షీటు అందులో సగానికే మాడిపోతుంది. విప్పి చూస్తే నాలుగో పోర్టు (పొగ బయటికొచ్చే రంధ్రం) చుట్టూ కాటుక పూసినట్టు మసి, ప్యాకింగ్ అంచు వేలితో నలిపితే పొడై రాలింది.

రెండోసారి కంపెనీది మంచిదే వేశాను, అదీ అదే నాలుగో పోర్టు దగ్గర పోయింది. ఈసారి తప్పు ప్యాకింగ్‌ది కాదు. పాత మానిఫోల్డ్ వంగిపోయి ఉంది. మేస్త్రీ దాన్ని బల్ల మీద తిరగేసి, స్టీలు స్కేలు అంచు నాలుగు పోర్టుల మీదా నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చాడు. మధ్యలో 0.05 మి.మీ. బ్లేడు కూడా దూరలేదు, నాలుగో పోర్టు దగ్గర 0.25 బ్లేడు హాయిగా దూరి అటు చివర బయటికొచ్చింది. మామూలుగా 0.1 మి.మీ. దాటితే ఫేసింగ్ (ఆ ముఖాన్ని చదును చేయడం) చేయించాల్సిందే. లేత్ షాపులో 400 తీసుకుని చేసిచ్చారు. మూడో ప్యాకింగ్ రెండేళ్లుగా అలాగే ఉంది. మీకు నిజంగా డబ్బు మిగలాలంటే ముందు ఆ 400 ఖర్చు పెట్టండి, ప్యాకింగ్ సంగతి తర్వాత.

ఇక ఏ రకం అంటే, మానిఫోల్డ్‌కి మధ్యలో చిల్లుల స్టీలు రేకు, రెండు వైపులా గ్రాఫైట్ ఉన్నది తీసుకోండి. పొరలు పొరలుగా స్టీలుతో వచ్చే ఎంఎల్ఎస్ రకం ఖరీదెక్కువ, మంచిది కూడా, కానీ దానికి రెండు వైపులా ఫేసు నున్నగా, తిన్నగా ఉండాలి. మన పాత హెడ్డుల మీద తుప్పు గుంటలుంటాయి, గ్రాఫైట్ మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ గుంటల్లోకి సర్దుకుంటుంది. అంటే ఇక్కడ తక్కువ ధరదే మీ బండికి సరైనది. టాల్‌బ్రోస్, విక్టర్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి, నాకు 260 పడింది. కొనే ముందు మానిఫోల్డ్ మీద పెట్టి చూడండి. ప్యాకింగ్ రంధ్రం పోర్టు కంటే కొంచెం పెద్దగా ఉండాలి, చిన్నదైతే లోపలికి పొడుచుకొచ్చిన అంచు కాలిపోయి అక్కణ్ణుంచే లీకు మొదలవుతుంది. మీరు హెడ్డు కూడా విప్పుతుంటే మాత్రం విడివిడిగా కొనకండి, ఫుల్ సెట్‌లో ఇది మామూలుగా వస్తుంది, ఉందో లేదో అడిగి తీసుకోండి.

బెండ్ పైపు దగ్గర గుండ్రటి రింగు ఉంటే పాతది పారేయకుండా షాపుకి పట్టుకెళ్లి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడూ వెర్నియర్‌తో కొలిపించి తీసుకోండి. ఆ జాయింటుకి స్ప్రింగు బోల్టులు ఉంటే వాటిని తీసేసి మామూలు బోల్టులు బిగించొద్దు, ఇంజిన్ ఊగినప్పుడు అక్కడ కదలడానికే అవి ఉన్నాయి. బల్లపరుపు ఫ్లాంజి అయితే రాగిది బాగా పనిచేస్తుంది, మళ్లీ వాడాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. వెనక సైలెన్సర్ ఫ్లాంజికి చవకది వేసుకోండి, గ్యాసు అక్కడికొచ్చేసరికి చాలా చల్లబడుతుంది, పోయినా పావుగంటలో మార్చుకోవచ్చు.

ఎర్ర సిలికాన్ గమ్ పూస్తే చాలంటారు కొందరు, మానిఫోల్డ్ దగ్గర ఒప్పుకోకండి. అది 300 డిగ్రీల పైన ఎక్కువ రోజులు నిలవదు. ఎంపీఎఫ్ఐ అయితే సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సార్‌ని పాడుచేస్తుంది కూడా. సెన్సార్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి వెళ్లి, మిశ్రమం పలచగా ఉందనుకుని ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) పెట్రోలు పెంచుతుంది. నా బండి లీటరుకి 12 కిలోమీటర్లు ఇచ్చేది 9కి దిగడానికి కారణం ఇదే, నేను పాపం ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను.

మైలేజీ ఒక ఎత్తు, ప్రాణం ఒక ఎత్తు. వానాకాలం టాపు వేసుకుని పార్వతీపురం వెళ్లొచ్చిన రోజు మా అమ్మకి తలనొప్పి, వికారం. పొగ వాసన కొద్దిగానే ఉంది, అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి అసలు వాసనే ఉండదు. ఇంజిన్ దగ్గరి లీకు సరాసరి డాష్‌బోర్డు వైపు వస్తుంది. అందుకే చిన్న చప్పుడే కదా అని దయచేసి ఆ బండిలో ఇంట్లోవాళ్లని ఎక్కించుకోకండి. కనిపెట్టడం కష్టం కాదు: పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి అగరుబత్తి వెలిగించి జాయింట్ల వెంట మెల్లగా తిప్పండి, లీకున్నచోట పొగ తెగి తెగి ఎగురుతుంది. ఫ్యాన్‌కి, పెట్రోలు పైపులకి దూరంగా పట్టుకోవాలి. పెట్రోలు వాసన వస్తుంటే అసలు వెలిగించొద్దు.

పాత ప్యాకింగ్ గోకేటప్పుడు పొడిగా గోకనివ్వకండి, పాత షీట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, నీళ్లతో తడిపి, ముక్కుకి మాస్కు పెట్టుకుని తీయించండి. ఎం8 నట్లయితే 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు, మధ్య నుంచి రెండు చివరలకీ, రెండు మూడు విడతల్లో. మా మేస్త్రీ మొదటిసారి చివరి నట్టు ఒకేసారి బిగించి స్టడ్ (హెడ్డులో దిగి ఉండే బోల్టు) విరగ్గొట్టాడు, హెడ్డులో ఇరుక్కున్న ముక్క తీయడానికి ఒక రోజంతా పట్టింది. తుప్పు పట్టిన స్టడ్లు ఇప్పుడే మార్చేయండి. గ్రాఫైట్ ప్యాకింగ్ అయితే నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక, పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి టార్క్ (నట్ల బిగింపు) చూడాలి, కొంచెం అణుగుతుంది.

ఇంజిన్ మార్పుకి ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోండి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది ఇది. ఆంధ్రా నుంచి ఇంజిన్ తెస్తుంటే కొన్న బిల్లు జాగ్రత్త.

మీది 8 వాల్వులా 16 వాల్వులా, ఏ మానిఫోల్డ్ వేస్తున్నారు, రింగు కొలతలు ఎంత, ఈ మూడూ రాస్తే ఏది అడగాలో చెప్తాను.