ఐర్లాండ్ పల్లెలో రైతు ఇంట బస: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐర్లాండ్‌లో కొన్ని రైతు కుటుంబాలు తాము ఉండే ఇంట్లోనే నాలుగైదు గదులు అతిథులకిచ్చి, పొద్దున్నే బ్రేక్‌ఫాస్ట్ పెడతాయి. వీటినే ఫార్మ్‌హౌస్ బి అండ్ బి అంటారు. ఇక్కడ రిసెప్షన్ ఉండదు, రాత్రంతా మేలుకుని ఉండే మనిషీ ఉండడు. పశువుల పని చూసుకుని వచ్చినవాళ్లే మీకు గుడ్లు వేయిస్తారు. అందుకే ఈ వారం జవాబుల్లో 'ముందే చెప్పండి' అన్న మాట పదేపదే వస్తుంది.

ప్రశ్న: వెబ్‌సైటులో రాత్రికి 60 యూరోలని ఉంది. మా దంపతులకు గది కావాలని రాస్తే 120 అన్నారు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చు. అక్కడి ఇళ్లవాళ్లు ధరను చాలాసార్లు గది లెక్కన కాకుండా మనిషి లెక్కన చెబుతారు. 'పర్ పర్సన్ షేరింగ్' అని ఉంటే ఒక గదిలో ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరికి అంత అని అర్థం. ఒక్కరే ఉంటే 60తో సరిపోదు, 'సింగిల్ సప్లిమెంట్' కలుపుతారు. బుకింగ్ సైట్లేమో గది మొత్తం ధర చూపిస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ధర కన్నా గది రకం దగ్గర ఎక్కువ మంది ఇబ్బంది పడతారు. 'డబుల్' అంటే ఇద్దరికీ ఒకే మంచం, 'ట్విన్' అంటే రెండు మంచాలు. తల్లీకొడుకులు, స్నేహితులు ట్విన్ అడగాలి. 'ఎన్‌స్వీట్' అని లేకపోతే బాత్‌రూమ్ గది బయట, వేరే అతిథులతో కలిపి ఉండవచ్చు. లిఫ్ట్ ఉండదు, పాత ఇళ్లలో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వస్తుంటే కింది అంతస్తులో గది ఉందో లేదో కనుక్కోండి. కార్డు తీసుకుంటారా, నగదే ఇవ్వాలా అన్నదీ అప్పుడే అడగండి.

ఫోన్ చేస్తే 353 కొట్టి, నంబరు ముందున్న సున్నా వదిలేయండి. వాళ్ల గడియారం వేసవిలో మనకంటే నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. పొద్దున అతిథులకు వడ్డించే హడావుడి ముగిశాక, అంటే వేసవిలో మన మధ్యాహ్నం మూడున్నర దాటాక చేస్తే తీరిగ్గా మాట్లాడతారు.

ప్రశ్న: మేం పంది, గొడ్డు మాంసం తినం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. బ్రేక్‌ఫాస్ట్‌లో మాకేం దొరుకుతుంది?

జవాబు: కడుపు నిండా దొరుకుతుంది. కాకపోతే గది బుక్ చేసేటప్పుడే చెప్పాలి, టేబుల్ దగ్గర కూర్చున్నాక కాదు. సామాను కొనేది ముందురోజే. పల్లెలో దుకాణం పక్క వీధిలో ఉండదు.

'ఫుల్ ఐరిష్' పళ్లెంలో ఉండేవి చెబుతాం. రాషర్లంటే పంది మాంసపు బేకన్ ముక్కలు. సాసేజ్‌లూ ఎక్కువగా పందివే. బ్లాక్ పుడ్డింగ్ పేరు విని తీపి అనుకోకండి. పంది రక్తం, కొవ్వు, ఓట్స్ లేదా బార్లీ కలిపి చేసిన సాసేజ్‌ను బిళ్లలుగా కోసి వేయిస్తారు. వైట్ పుడ్డింగ్‌లో రక్తం ఉండదు, పంది మాంసం, కొవ్వు ఉంటాయి. వీటితోపాటు గుడ్లు, కాల్చిన టమాటా, పుట్టగొడుగులు, కొన్ని ఇళ్లలో బీన్స్, బంగాళాదుంప కూడా ఉంటాయి.

చిక్కు వచ్చేది పెనం దగ్గర. టమాటా, పుట్టగొడుగులు, గుడ్డు, ఒక్కోసారి బ్రెడ్డు ముక్క కూడా బేకన్ వేగిన కొవ్వులోనే వేయిస్తారు. 'నేను వెజిటేరియన్' అంటే మాంసం ముక్కలు తీసి మిగిలినవి అదే పెనం నుంచి పెట్టే అవకాశముంది. వాళ్లకు అందులో తప్పు తోచదు. కాబట్టి స్పష్టంగా 'మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, వేరే పెనంలో నూనెతో లేదా వెన్నతో' అని మెసేజ్ పెట్టండి. అలా రాస్తే శ్రద్ధగా చేసిపెడతారు.

మీ అమ్మగారికి మేం గట్టిగా చెప్పేది పారిడ్జ్, బ్రౌన్ బ్రెడ్. పారిడ్జ్ అంటే ఓట్స్ జావ. పాలతోనో నీళ్లతోనో కాచి, పైన తేనె లేదా బ్రౌన్ షుగర్ వేసిస్తారు. బ్రౌన్ సోడా బ్రెడ్‌కు ఈస్ట్ వాడరు. ముతక గోధుమ పిండి, వంట సోడా, ఉప్పు, మజ్జిగ కలిపి ఓవెన్‌లో కాలుస్తారు. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి పొంగిస్తుంది. కొందరు పిండిలో గుడ్డు కొడతారు, అడిగి తినమనండి. పొద్దున కాల్చిన బ్రెడ్డు మీద ఐరిష్ వెన్న రాసుకుని తింటే ఆ రుచి వేరు. పెరుగు కప్పుల్లో పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు, మూత మీద చదవండి. వేరుశనగ లాంటివి పడకపోతే అదీ రాయండి. యూరోపియన్ యూనియన్ చట్టం 14 రకాల అలర్జీ పదార్థాల వివరం తప్పక ఇవ్వాలంటుంది.

రాత్రి భోజనం గది ధరలో కలవదు. ముందురోజు చెబితే వండిపెట్టే ఇళ్లు కొన్నే. మిగతాచోట్ల దగ్గరి పబ్బే దిక్కు. అక్కడ వంటగది చాలావరకు ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మూసేస్తారు. తలుపులు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి కానీ తిండి దొరకదు.

ప్రశ్న: డబ్లిన్ విమానాశ్రయంలో కారు తీసుకుని గాల్వే అవతలికి వెళ్తాం. ఇల్లు దొరకడం కష్టమంటున్నారు, నిజమేనా?

జవాబు: ఎయిర్‌కోడ్, అంటే ఆ ఇంటి పోస్ట్‌కోడ్, అడిగి తీసుకుంటే కష్టం కాదు. పల్లె ఇళ్లకు చాలాచోట్ల డోర్ నంబరు, వీధి పేరు ఉండవు. చిరునామాలో ఇంటి పేరు, టౌన్‌లాండ్ (పల్లెలోని చిన్న భూభాగం) పేరు, దగ్గరి ఊరు ఉంటాయంతే. ఒకే పేరు గల టౌన్‌లాండ్‌లు ఎన్నో ఉన్నాయి. 2015లో వచ్చిన ఎయిర్‌కోడ్‌లో ఏడు అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి మూడూ ప్రాంతానివి, చివరి నాలుగూ ఆ ఒక్క ఇంటివి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతుంది. కొనమారా తీరం లాంటి ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లో బోర్డుల మీద ఊరి పేర్లు ఐరిష్‌లో మాత్రమే ఉంటాయి.

మనలాగే అక్కడా ఎడమవైపే నడపాలి. మోటార్‌వేల మీద 120 కిలోమీటర్ల వేగం వరకు వెళ్లవచ్చు. 'ఎల్' అక్షరంతో మొదలయ్యే పల్లె రోడ్ల సాధారణ పరిమితిని 2025 ఫిబ్రవరి 7 నుంచి 80 నుంచి 60కి తగ్గించారు. ఆ 60 కూడా చాలా మలుపుల్లో ఎక్కువే. నడిమధ్య గడ్డి మొలిచి, ఒక్క కారే పట్టే దారులవి. ఎదురుగా ట్రాక్టర్ వస్తే, పక్కకు ఒదిగే చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు వెనక్కి వెళ్లాలి. గేర్లు మార్చే అలవాటు లేకపోతే ఆటోమేటిక్ కారు చాలా ముందుగా బుక్ చేయండి. అవి తక్కువ, అద్దె ఎక్కువ. విమానాశ్రయం వదలగానే వచ్చే ఎం50 రోడ్డు మీద టోల్ గేటు ఉండదు, కెమెరా నంబరు చదువుతుంది. మర్నాడు రాత్రి 8 గంటల్లోగా కట్టకపోతే జరిమానా పడుతుంది. అద్దె కంపెనీయే కడుతుందో, మీరు కట్టాలో తాళం తీసుకునేటప్పుడే అడగండి.

చెకిన్ సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య అనుకోండి. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలో ఆగి ఫోన్ చేయండి. పొద్దున ఐదింటికి లేచి పాలు పితకాల్సిన మనిషిని పదకొండు దాకా మేలుకోబెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: అక్కడ షవర్‌లో వేడినీళ్లు రావని విన్నాం.

జవాబు: వస్తాయి, మీట ఎక్కడుందో తెలియాలి. గోడకు తెల్లటి పెట్టె ఉంటే అది ఎలక్ట్రిక్ షవర్. దాని కరెంటు మీట పైకప్పు నుంచి వేలాడే తాడు. తాడు లాగితే ఎర్ర లైటు వెలుగుతుంది. కొన్ని ఇళ్లలో ఆ మీట బాత్‌రూమ్ తలుపు బయట ఉంటుంది. తర్వాత పెట్టె మీద బటన్ నొక్కి, అర నిమిషం ఆగండి. నీళ్లు అందులోంచి పారుతూనే వేడెక్కుతాయి కాబట్టి ధార ఎక్కువ పెడితే వేడి తగ్గుతుంది. చలికాలంలో ధార తగ్గించుకోవాలి. స్నానం అయ్యాక ముందు బటన్ ఆపి, తర్వాత తాడు లాగండి.

పెట్టె లేకుండా మామూలు కుళాయి షవర్ ఉంటే నీళ్లు సిలిండర్‌లోంచి, అంటే వేడినీళ్ల ట్యాంకులోంచి వస్తాయి. దాన్ని వేడిచేసే ఆయిల్ బాయిలర్ చాలా ఇళ్లలో పొద్దున, సాయంత్రం మాత్రమే నడుస్తుంది. నలుగురూ వరసగా చేస్తే నాలుగోవారికి చన్నీళ్లే.

ముఖ్యమైనది ఇంకొకటి. బాత్‌రూమ్ నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. బకెట్, మగ్గుతో టబ్బు బయట స్నానం చేస్తే నీళ్లు కింది గది సీలింగ్‌లోకి దిగుతాయి. టాయ్‌లెట్‌లో జెట్ స్ప్రే ఉండదు, చిన్న సీసా తీసుకెళ్లి నేల తడవకుండా వాడుకోండి. పల్లెల్లో సెప్టిక్ ట్యాంకులే ఎక్కువ. టాయ్‌లెట్ పేపర్ తప్ప తడి వైప్స్, ప్యాడ్లు లోపల వేయకూడదు, పైపు పూడిపోతే ఇంటిల్లిపాదికీ ఇబ్బంది. కరెంటు 230 వోల్టులే, కానీ మన గుండ్రటి పిన్నులు దూరవు. బ్రిటన్ తరహా పలక పిన్నుల అడాప్టర్ కావాలి.

ప్రశ్న: నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి తీసుకెళ్లవచ్చా? గదిలో అన్నం వండుకోవచ్చా?

జవాబు: రెండూ కుదరవు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి మాంసం, పాలు, వాటితో చేసినవి ప్రయాణికులు తేవడం నిషిద్ధం. పశువులకు గాలికుంటు లాంటి రోగాలు పాకకుండా పెట్టిన నియమమిది. మీరు దిగేది పశువులున్న ఇంట్లోనే కదా, దీన్ని మనస్ఫూర్తిగా పాటించండి. పసిపిల్లల పాలపొడికి 2 కిలోల వరకు మినహాయింపు ఉంది. పచ్చి కరివేపాకు కూడా వద్దు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లండి. మన ఊళ్లో పశువుల మధ్య తిరిగిన చెప్పులు, బూట్లు శుభ్రంగా కడిగి పెట్టెలో పెట్టండి.

గదిలో కెటిల్ ఉంటుంది, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా కలుపుకోవచ్చు. కెటిల్‌లోనే నూడుల్స్ ఉడికించడం, రైస్ కుక్కర్ పెట్టడం వద్దు. రోజూ వండుకోవాలంటే 'సెల్ఫ్ కేటరింగ్' ఇల్లు తీసుకోండి.

ప్రశ్న: మా పిల్లలకు ఆరు, తొమ్మిదేళ్లు. దూడలను, గొర్రెపిల్లలను దగ్గరగా చూపించాలని ఉంది. నేను మూడో నెల గర్భవతిని.

జవాబు: ముందు మీ సంగతి చెబుతాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గొర్రెలు ఈనే కాలం. ఈనిన గొర్రెలు, పిల్లలు, మాయ, వాటిని తాకిన బట్టల ద్వారా గర్భస్రావానికి దారితీసే ఇన్ఫెక్షన్లు సోకవచ్చు. మీరు ఆ కొట్టంలోకి వెళ్లనే వద్దు. మీవారు, పిల్లలు వెళ్లి వస్తే బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే మీ దగ్గరకు రావాలి. ఇంటివాళ్లకు విషయం చెబితే వాళ్లే జాగ్రత్తపడతారు.

పిల్లలు చూడవచ్చు, ఇంటివాళ్లు తోడుంటేనే. పశువులను తాకాక సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్ చాలదు, విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం దానికి చావదు. ట్యాంకులోంచి పట్టిచ్చిన పచ్చిపాలు కాచకుండా తాగించకండి. ఏడేళ్లు నిండని పిల్లలు ట్రాక్టర్ ఎక్కడం అక్కడ చట్టవిరుద్ధం. మీ చిన్నవాడు ఎంత ఏడ్చినా ఎక్కించమని అడగకండి. పెద్దవాడికైనా బెల్టున్న ప్రత్యేక సీటు ఉండాలి.

పేడనీళ్లు నిలవచేసే స్లరీ గుంట దగ్గరకు ఎవరూ పోకూడదు. దాన్ని కలిపేటప్పుడు వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. పొలం గేటు మీరు వచ్చేసరికి మూసి ఉంటే మూసే వెళ్లాలి, తెరిచి ఉంటే అలాగే వదలాలి. దూడకూ తల్లి ఆవుకూ మధ్యకు నడవకండి.

ప్రశ్న: షెంజెన్ వీసా ఉంది, చాలదా?

జవాబు: చాలదు. ఐర్లాండ్ షెంజెన్‌లో లేదు, వీసా విడిగా తీసుకోవాలి. బ్రిటన్ వీసా మీద 'బి.ఐ.వి.ఎస్.' (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని రాసి ఉంటే, ముందు బ్రిటన్‌లో దిగి తర్వాత ఐర్లాండ్ వెళ్లవచ్చు. డొనెగాల్ జిల్లాలో దిగేవాళ్లకు ఒక హెచ్చరిక. పక్కనే ఉన్న డెర్రీ ఉత్తర ఐర్లాండ్‌లోది, అంటే బ్రిటన్. సరిహద్దులో ఎవరూ ఆపరు, గేటు కూడా ఉండదు. అయినా అటు వెళ్లడానికి చెల్లే వీసా ఉండాలి. అక్కడ పౌండ్లు నడుస్తాయి, వేగం బోర్డులు మైళ్లలో ఉంటాయి.

ప్రశ్న: కారు లేకుండా కుదురుతుందా? ఏ నెల మంచిది?

జవాబు: కారు లేకపోతే రైలు వెళ్లే కిలార్నీ, వెస్ట్‌పోర్ట్ లాంటి ఊళ్ల దగ్గరి ఇల్లు చూసుకుని, స్టేషన్‌కు వచ్చి తీసుకెళ్తారేమో అడగండి. టి.ఎఫ్.ఐ. లోకల్ లింక్ బస్సులు పల్లెల్లో తిరుగుతాయి, కొన్ని రూట్లలో రోజుకు కొన్నే. మా ఓటు మే నెలకు. తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, జూలై రద్దీ ఉండదు. నెలాఖరుకు సైలేజ్ (పశువుల కోసం పులియబెట్టి నిలవచేసే మేత) గడ్డి కోత మొదలైతే ట్రాక్టర్లు రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతాయి. నిద్ర పలచనివాళ్లు రోడ్డు వైపు కాకుండా వెనక గది అడగండి.