స్టీరింగ్ ఆయిల్ కారుతోందా? ముందు చోటు పట్టుకోండి

వాహనాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 2012 మోడల్ ఇన్నోవా డీజిల్. పవర్ స్టీరింగ్ డబ్బాలో ఆయిల్ రెండు వారాలకోసారి కింది గీత దాటి దిగిపోతోంది. ప్రతిసారీ పావు లీటరు దాకా పోస్తున్నాం. ఒక మెకానిక్ ర్యాక్ మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన పంపు పోయిందన్నాడు. ఎవరి మాట నమ్మాలి?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: బండి కిందికి దూరి చూడకుండా చెప్పినదైతే ఇద్దరిదీ ఊహే. ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం), పంపు (దానికి ఆయిల్‌ను ఒత్తిడితో పంపేది) రెండూ ఖరీదైన భాగాలు. చాలా బళ్లలో తీరా చూస్తే ఆయిల్ పోయేది రిటర్న్ పైపు (ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే పైపు) క్లిప్పు దగ్గరో, పంపు మీద ప్రెజర్ పైపు బిగించిన వాషర్ల దగ్గరో ఉంటుంది. కాబట్టి డబ్బు తీసేముందు ఆయిల్ బయటికొచ్చే చోటు కంటితో చూసి తీరాలి. అరపూట పని అంతే.

ముందుగా అది స్టీరింగ్ ఆయిలేనని తేల్చుకోండి. ఇన్నోవాకు వాడేది డెక్స్రాన్ 2 లేదా 3 రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్స్ ఆయిల్). కొత్తది ఎర్రగా, పలుచగా ఉంటుంది. పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. కూలెంట్ నీళ్లలా జారుతుంది. ఏసీ నుంచి పడేది ఉత్త నీరు. కింద తెల్ల అట్టముక్క పరిచి రాత్రంతా వదిలేస్తే రంగు తెలిసిపోతుంది.

ఇంజన్ చల్లారాక ఆల్టర్నేటర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టి డబ్బా, పంపు, పైపులు, ర్యాక్ అన్నీ డిగ్రీజర్ కొట్టి బ్రష్‌తో కడిగించండి. జిడ్డు మీద జిడ్డు ఉన్నంతకాలం ఏమీ తెలియదు. పూర్తిగా ఆరాక ప్రతి జాయింటు మీదా టాల్కం పౌడరు పలుచగా చల్లండి. డబ్బాలో ఆయిల్ పై గీత దాకా నింపి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరిని స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పమనండి. చివరికి వెళ్లినప్పుడే లైన్‌లో ఒత్తిడి బాగా పెరుగుతుంది, దాగి ఉన్న లీకు అప్పుడే బయటపడుతుంది. అయితే చివరన ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. ఆయిల్ సలసలా కాగి పంపు దెబ్బతింటుంది. ఇంజన్ తిరుగుతుండగా ప్రెజర్ పైపును చేత్తో తడమొద్దు. సన్నటి చిల్లులోంచి దూసుకొచ్చే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది. కాగితపు అట్ట అడ్డం పెట్టి చూడండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

పౌడరు ఎక్కడ తడిసిందో పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. ఆయిల్ కిందికి కారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కూడా కొట్టుకుపోతుంది. అందుకే బాగా తడిగా కనిపించే చోటే లీకు ఉన్న చోటు కానక్కర్లేదు. తడి మొదలైన అన్నిటికంటే పై చోటే అసలైనది.

డబ్బా కింది పైపు దగ్గరైతే అదృష్టమే. రబ్బరు గట్టిపడి క్లిప్పు పట్టు వదిలి ఉంటుంది. పైపు పొడవు సరిపోతే చివర రెండు సెంటీమీటర్లు కోసి కొత్త స్క్రూ క్లిప్పు వేస్తే ఆగుతుంది, పగుళ్లు కనిపిస్తే పైపే మార్చాలి. మామూలు నీళ్ల పైపు ఆయిల్ వేడికి మెత్తబడి ఊడిపోతుంది, ఆయిల్ తట్టుకునే రకమే కావాలి. పంపు మీద పైపు బిగించే బాంజో బోల్టు దగ్గర తడి ఉంటే దానికి రెండు వైపులా ఉండే వాషర్లు కొత్తవి వేయించండి. ఒకసారి నలిగిన వాషరు మళ్లీ సీలు పట్టదు. ఇంకా బిగిస్తే ఆగుతుందని బలం పెడితే పంపు మరలు పోతాయి.

పుల్లీ వెనక గుండ్రంగా ఆయిల్ చిమ్మి ఉంటే పంపు షాఫ్ట్ సీలు. ఆయిల్ తాగిన బెల్టు కడిగినా పనికిరాదు, దాన్నీ మార్చండి. ప్రెజర్ పైపులో రబ్బరును ఇనుప కప్పుతో నొక్కిన చోట చెమ్మ ఉంటే పైపు పని అయిపోయినట్టే. అక్కడ క్లిప్పులు ఆగవు.

చివరగా ర్యాక్. చక్రం వైపు బూటు (ర్యాక్ చివరను కప్పే రబ్బరు తొడుగు) క్లిప్పు వదులు చేసి వేలితో నొక్కండి. కాస్త గ్రీజు అంటితే మామూలే. ఆయిల్ ధారగా వస్తే మాత్రం ర్యాక్ లోపలి సీలు పోయింది. కొన్ని ర్యాకుల్లో రెండు బూట్లనూ కలిపే సన్నటి గాలి గొట్టం ఉంటుంది. ఒక వైపు సీలు పోయినా ఆయిల్ దాని గుండా రెండో బూటులోకీ చేరుతుంది. రెండు పక్కలా ఆయిల్ ఉందని రెండు సీళ్లూ పోయాయనుకోకండి. బూట్లు రెండూ పొడిగా ఉంటే, స్టీరింగ్ రాడ్డు ర్యాక్‌లోకి దిగే చోట పై సీలు కూడా పొడిగా ఉంటే, ర్యాక్ మార్చమన్న మాటకు ఆధారమే లేదు.

రెండు వారాలకు పావు లీటరంటే చూస్తూ ఊరుకునే లీకు కాదు. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకునే ప్రమాదం ఉంది. రిపేరు అయ్యేదాకా రోజూ డబ్బా చూసుకోండి. పంపు ఎండి తిరిగితే వారం తిరక్కుండా రెండో బిల్లు మీద పడుతుంది.

ప్రశ్న: ర్యాక్‌కు సీల్ కిట్ వేయించి నాలుగు నెలలైనా కాలేదు, మళ్లీ కారుతోంది. కిట్ నాసిరకమైందా?
- నెల్లూరు పాఠకుడు

జవాబు: కావచ్చు, కానీ మా మొదటి అనుమానం ర్యాక్ లోపల జరిగే షాఫ్ట్ మీదే. బూటు చిరిగిన బండి కొన్నాళ్లు వానల్లో తిరిగితే నీళ్లు, మట్టి లోపలికి చేరి షాఫ్ట్‌కు తుప్పు గుంటలు పడతాయి. గోరు ఆనించి లాగితే తగులుతాయి. ఆ గుంటల మీదుగా షాఫ్ట్ ఇటూ అటూ జరిగిన ప్రతిసారీ కొత్త సీలు పెదవి కోసుకుపోతుంది. అక్కడ ఎంత మంచి కంపెనీ సీలైనా ఆగదు. ఎమరీ కాగితంతో రుద్ది నునుపు చేశామంటారు, అది నిలిచే పని కాదు. షాఫ్ట్ మార్చాలి, లేదా ర్యాక్ మార్చాలి.

షాఫ్ట్ బాగుంటే బిగింపులో పొరపాటు వెతకాలి. సీలును ర్యాక్ పళ్ల మీదుగా తోసేటప్పుడు పళ్ల అంచులు సీలును గీరుతాయి. పళ్ల మీద పలుచని ప్లాస్టిక్ షీటు చుట్టి, ఆయిల్ రాసి జరపాలి. తొందరలో ఈ పని వదిలేసే షాపులు ఉన్నాయి. లోపలి టెఫ్లాన్ రింగులు సాగదీసి వేశాక మళ్లీ కొలతకు దగ్గరగా నొక్కుకోవాలి. అవి తెగితే బయటికి చుక్క రాదు, కానీ స్టీరింగ్ ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు బరువుగా తిరుగుతుంది. పాత ఆయిల్ కడగకుండా ర్యాక్ బిగించినా అందులోని లోహపు పొడి కొత్త సీళ్లను తింటుంది.

ఈసారి ర్యాక్ దింపేటప్పుడు పక్కన నిలబడి నాలుగు పనులు చేయించండి. చక్రాలు సూటిగా పెట్టి, స్టీరింగ్ వీలు తిరగకుండా సీటు బెల్టుతో కట్టేయాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో వీలు ఇష్టమొచ్చినట్టు తిరిగితే లోపలి క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టల తీగ) తెగుతుంది. రాడ్డు జాయింటుకు పెయింటుతో గుర్తు పెట్టాలి. టై రాడ్ (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్ ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో రాసుకుని అన్నే చుట్లు బిగించాలి. రెండు బూట్లూ కొత్తవి వేయాలి. బండి బయటికొచ్చాక నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లండి.

ప్రశ్న: ప్రెజర్ పైపు కంపెనీది దొరకడం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో జేసీబీ పైపులు చేసే షాపువాళ్లు పాత చివర్లకే కొత్త రబ్బరు నొక్కి ఇస్తామంటున్నారు. వేయించవచ్చా?
- గుడివాడ పాఠకుడు

జవాబు: వేయించవచ్చు. ఇనుప అల్లిక ఉన్న హైడ్రాలిక్ హోస్, పాతదానితో సమానమైన లోపలి వ్యాసం, సమానమైన పొడవు ఉండేలా చూసుకోండి. ఇది ఒత్తిడికి సులువుగా ఆగుతుంది. కంపెనీ పైపు మాత్రం పంపు తన్నులను మింగేలా కొద్దిగా ఉబ్బే రబ్బరుతో చేసి ఉంటుంది. జేసీబీ రకం బిరుసుగా ఉంటుంది కాబట్టి చివర తిప్పినప్పుడు కాస్త మోత, వణుకు పెరగవచ్చు. అది లోపం కాదు. సైలెన్సర్ పైపుకు, బెల్టుకు తగలకుండా కట్టించండి. నొక్కిన తర్వాత లోపల గాలి కొట్టి రబ్బరు తునకలు పోగొట్టమనండి.

ప్రశ్న: మేం అమెరికాలో టెక్సస్‌లో ఉంటాం. కారు 2006 హోండా అకార్డ్ వీ6. చలి ఉదయాల్లో స్టార్ట్ చేయగానే మూలుగుతున్నట్టు మోత. స్టీరింగ్ తిప్పితే ఇంకా పెరుగుతుంది. డబ్బాలో నురగ కనిపిస్తోంది, కింద మాత్రం చుక్క లేదు. షాపులో పంపు మార్చాలన్నారు.

జవాబు: పంపు కొనకండి, ఇంకా. మీ బండిలో ఆయిల్ బయటికి పోవడం లేదు, గాలి లోపలికి పోతోంది. డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపులో పంపు పీలుస్తుంది కాబట్టి అక్కడ ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. ఆ జాయింటు వదులైతే ఆయిల్ కారదు, గాలి దూరి నురగ అవుతుంది. ఈ తరం అకార్డ్‌లలో పంపు ఇన్‌లెట్ (ఆయిల్ లోపలికి వెళ్లే చోటు) దగ్గరి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) గట్టిపడి ఇలా చేయడం పేరుపడ్డ జబ్బు. ఖరీదు అతి తక్కువ.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బెల్టు మీద గుడ్డ కప్పి, పంపు ఇన్‌లెట్‌ను పట్టి ఉన్న రెండు బోల్టులు 10 మి.మీ. సాకెట్‌తో విప్పండి. కొంచెం ఆయిల్ కారుతుంది. పాత ఓ-రింగ్ తీసి, గాడి తుడిచి, కొత్తదానికి స్టీరింగ్ ఆయిల్ రాసి కూర్చోబెట్టండి. బోల్టులు సమంగా, మితంగా బిగించాలి. హోండాకు హోండా పవర్ స్టీరింగ్ ఆయిలే పోయాలి, ఏటీఎఫ్ పోయకూడదు. డబ్బా అడుగున సన్నటి జల్లెడ ఉంటుంది. అది బురదతో మూసుకుపోయినా ఇదే మోత వస్తుంది, అప్పుడు డబ్బా మార్చాలి.

తర్వాత గాలి తీయాలి. ఈ పద్ధతి పైన అడిగిన అందరికీ వర్తిస్తుంది. ముందు చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద ఉంచండి. ఇంజన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను చివరి నుంచి చివరికి మెల్లగా 15, 20 సార్లు తిప్పండి. మధ్యమధ్య ఆయిల్ పోస్తూ ఉండాలి, డబ్బా ఎండకూడదు. బుడగలు ఆగాక ఇంజన్ స్టార్ట్ చేసి ఇంకొన్నిసార్లు తిప్పండి. నురగ వస్తే ఇంజన్ ఆపి అరగంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. ముందే ఇంజన్ స్టార్ట్ చేస్తే పంపు గాలిని చిలికి తెల్ల నురగ చేస్తుంది, అది తేరుకోవడానికి గంటలు పడుతుంది. ఇంత చేశాక కూడా వారం తర్వాత మోత అలాగే ఉంటే అప్పుడు పంపు గురించి ఆలోచించండి.

ప్రశ్న: మా అబ్బాయి స్టీరింగ్ డబ్బాలో పొరపాటున బ్రేక్ ఆయిల్ పోశాడు. ఏం చేయాలి?
- అనంతపురం నుంచి

జవాబు: ఇంజన్ స్టార్ట్ చేయకండి. బ్రేక్ ఆయిల్ తగిలితే స్టీరింగ్ సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. డబ్బాలోది సిరంజితో లాగేయండి. రిటర్న్ పైపు ఊడదీసి, దాని చివర సీసాలో పెట్టి, ఆ పైపు ఊడిన చోట డబ్బా గొట్టానికి బిరడా వేయండి. ముందు చక్రాలు లేపి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్ తిప్పుతూ పై నుంచి కొత్త ఆయిల్ పోస్తూ పోండి. రెండు మూడు లీటర్లు పోయాల్సి వస్తుంది, శుభ్రమైన రంగు వచ్చేదాకా ఆపొద్దు. స్టార్ట్ చేసి నడిపేసి ఉంటే సీళ్లు కొన్నాళ్లకు కారవచ్చు, గమనిస్తూ ఉండండి. ఇదే పొరపాటు తిరగబడి బ్రేక్ డబ్బాలో స్టీరింగ్ ఆయిల్ పడితే మాత్రం బండిని అంగుళం కూడా కదపొద్దు. బ్రేకు రబ్బర్లన్నీ ఉబ్బి బ్రేకు పట్టేయవచ్చు, పూర్తిగా పోవచ్చు కూడా.

ప్రశ్న: 2008 ఇండికా వీ2 ఉంది, ఊళ్లో తిరగడానికే. పంపు, ర్యాక్ రెండూ కారుతున్నాయి. బెల్టు కోసి పారేస్తే మామూలు స్టీరింగ్ అయిపోతుందంటున్నారు. నిజమేనా?
- కరీంనగర్ పాఠకుడు

జవాబు: బెల్టు కోసినంత మాత్రాన మామూలు స్టీరింగ్ అవదు. పంపు ఆగినా చక్రాలు తిరుగుతాయి, ఆ మాట నిజమే. కానీ పవర్ ర్యాక్‌ను ఆయిల్ సాయం ఉంటుందన్న లెక్కతో తక్కువ చుట్లకే తిరిగేలా చేస్తారు. మామూలు ర్యాక్ ఎక్కువ చుట్లు తీసుకుని తేలిగ్గా తిరుగుతుంది. పైగా మీ ర్యాక్ లోపలి పిస్టన్ ప్రతి మలుపులో ఆయిల్‌నో గాలినో నెడుతూనే ఉండాలి. లోపల సన్నటి టార్షన్ బార్ మెలితిరిగాకే బలం ర్యాక్‌కు అందుతుంది కాబట్టి వీలులో వదులుతనం వస్తుంది. ముందు డీజిల్ ఇంజన్ బరువు. ఇరుకు సందులో అకస్మాత్తుగా పక్కకు తిప్పాల్సి వస్తే చేతులు చాలవు. బెల్టు కోసేముందు అది ఇంకా దేన్ని తిప్పుతోందో చూసుకోకపోతే మరో సమస్య.

తీసేయాలనే పట్టుదల ఉంటే ఒకటే సరైన దారి. పవర్ స్టీరింగ్ లేని ఇండికా నుంచి ర్యాక్, టై రాడ్లు, రాడ్డు జాయింటు కలిపి సెట్టుగా తెచ్చి బిగించి, పంపు, పైపులు, డబ్బా పూర్తిగా దించి, మిగిలిన పుల్లీలకు సరిపడే పొడవు బెల్టు వేయించాలి. కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. కాబట్టి పని మొదలెట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకోండి. మా సలహా అడిగితే పంపుకు సీలు, ర్యాక్‌కు కిట్ వేయించుకోవడమే మేలు. ఖర్చు ఒకేసారి భరించలేకపోతే ముందు పంపు చేయించండి. సీలు పోయి ఆయిల్ బెల్టు మీదికి చిమ్మేది అక్కడే.

ప్రశ్న: లీకు ఆపే మందు సీసాలు పోస్తే పనిచేస్తాయా?
- శ్రీకాకుళం నుంచి

జవాబు: అవి గట్టిపడ్డ రబ్బరును మెత్తబరచి ఉబ్బిస్తాయి. పాత బండిలో చెమ్మలాంటి లీకు కొన్ని నెలలు ఆగవచ్చు. పగిలిన పైపుకు, తుప్పు పట్టిన షాఫ్ట్‌కు, నలిగిన వాషరుకు ఏమీ చేయలేవు.

ప్రశ్న: మా 2014 స్విఫ్ట్‌లో స్టీరింగ్ బరువైంది. ఆయిల్ డబ్బా ఎక్కడుందో కనిపించడం లేదు.
- రాజమండ్రి నుంచి

జవాబు: మీ బండిలో డబ్బా లేదు, ఆయిలూ లేదు. కరెంటు మోటారుతో పనిచేసే స్టీరింగ్ అది. బండి కింద ఆయిల్ కనిపిస్తే అది ఇంజన్‌దో గేరుబాక్స్‌దో. ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేసి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య వస్తోందో లేదో కొలిపించండి. వోల్టేజీ తగ్గితే స్టీరింగ్ మోటారు సాయం తగ్గిస్తుంది. అది సరిగానే ఉండి, డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ లైటు వెలుగుతుంటే స్కానర్ ఉన్న చోట కోడ్ చదివించాలి.