పాత చెక్క మోటారు బోటు కొనాలంటే ముందు దాని కిందికి దూరండి

“అమెరికాలో ఉంటున్నాను, 1950ల నాటి చిన్న చెక్క మోటారు బోటు ఒకటి తక్కువలో వస్తోంది, కొని బాగుచేసుకుంటే గిట్టుబాటవుతుందా?” అని అడిగారు. గిట్టదండి. నేను కొన్న ధరకి రెండింతలు దాని మీదే పెట్టాను. రేపు అమ్మితే అందులో సగం కూడా రాదు. గిట్టుబాటు సంగతి అంతటితో సరి, మిగతాది చెప్తాను.

నా దగ్గరున్నది 1955 నాటి క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ బోటు, 17 అడుగుల స్పోర్ట్స్‌మన్ మోడల్. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. ఈ కంపెనీ పుట్టిన ఆల్గొనాక్ మాకు కారులో గంట దూరం. అంచేత ఈ చుట్టుపక్కల పాత కొట్టాల్లో, గ్యారేజీల్లో ఇవి ఇంకా దొరుకుతూనే ఉంటాయి. తాతగారు పోయాక మనవలు కొట్టం ఖాళీ చేస్తూ ప్రకటన పెడతారు. అందులో ఫొటోలు చూడండి: తళతళలాడే మహాగనీ డెక్, క్రోము హారను, స్టీరింగు చక్రం. బోటు కిందికి పాకి తీసిన ఫొటో ఒక్కటీ ఉండదు. ఎందుకుండదో నాకు తెలుసు.

నేను వెతికేటప్పుడు మొదట చూసిన బోటు డెక్‌లో మొహం చూసుకోవచ్చు. కొత్త వార్నీషు, కొత్త సీట్లు, తెల్ల గీతలు కూడా దిద్దిపెట్టారు. అమ్మేవాడు ఇంజను తిప్పి చప్పుడు వినిపించాడు. నేను ఆయన్ని అడిగాకే, జేబులోంచి ఆర (చెప్పులు కుట్టేవాళ్ళు వాడే మొనదేలిన పనిముట్టు) తీసి, ట్రెయిలరు కిందికి దూరి, వెనక పలక అడుగుతో కలిసే చోట గుచ్చాను. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే దాని వెంట తడి పొట్టు వచ్చింది. “అది ఆ ఒక్క చోటేనండీ” అన్నాడు. ఆ ఒక్క చోటే ఎప్పుడూ ఉండదు.

రెండోదాన్ని చూస్తే జాలేసింది. వార్నీషు పెచ్చులు లేచిపోయి, డెక్ మీద నల్ల మరకలు, సీటు కింద ఎలకల కాపురం. కానీ ఆర ఎక్కడా దిగలేదు. 1980ల్లో ఎవరో పుణ్యాత్ముడు అడుగు మొత్తం పాత పద్ధతిలోనే తిరిగి వేయించాడు, ఆ బిల్లులు కూడా దాచిపెట్టారు. దాన్నే కొన్నాను.

ఒక్క మాట. చెక్క బోటుని కుళ్ళబెట్టేది సరస్సు నీళ్ళకన్నా వాన నీళ్ళే ఎక్కువ. మునిగి ఉన్న చెక్కకి గాలి ఆడదు, బూజు బతకాలంటే గాలి కావాలి. వాన నీరు డెక్ సందుల్లోంచి దిగి మూలల్లో నిలుస్తుంది. పైన ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టేస్తే ఆ ఉక్కలో ఫ్రేములు లోపల్నించి పిండి అవుతాయి. ఈ రాష్ట్రంలో చచ్చిన బోట్లలో ఎక్కువ శాతం నీలం టార్పాలిన్ చంపినవేనని నా నమ్మకం. లెక్కలడక్కండి, కళ్ళతో చూసినవి చాలు.

డెక్ విప్పడం మొదలుపెట్టాక స్క్రూలతో పడ్డాను. పలకలో చిన్న గుంట తీసి, స్క్రూ బిగించి, పైన గుండ్రటి చెక్క బిళ్ళ కొట్టి మూసేస్తారు. బిళ్ళని ఉలితో పగలగొట్టి, లోపలి చెత్త గీకి, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే చాలా వాటికి తల ఊడి చేతికొచ్చింది. విరిగిన చోట ఇత్తడి పసుపు లేదు, గులాబీ రంగు. ఏళ్ళ తరబడి తడిలో ఉంటే ఇత్తడిలోని జింకు పోయి రాగి ఒక్కటే బొరియలు బొరియలుగా మిగులుతుంది. వాటి బదులు సిలికాన్ బ్రాంజ్ అనే కంచువి వేశాను. ధర విని మా ఆవిడ “బంగారంవి దొరకలేదా?” అంది. కొత్త బిళ్ళ కొట్టేటప్పుడు దాని మీది గీతలు పలక గీతలతో కలవాలి, లేకపోతే వార్నీషు వేశాక ప్రతి బిళ్ళా మచ్చలా కనబడుతుంది. పని తెలిసినవాడి చెయ్యి పడిందో లేదో అక్కడే పట్టెయ్యొచ్చు.

వార్నీషు గురించి పేజీలకి పేజీలు రాసేవాళ్ళున్నారు. పొర వెయ్యాలి, ఆరాలి, ఉప్పుకాగితం పట్టాలి, మళ్ళీ వెయ్యాలి. పది పొరలు దాటితే బాగుంటుంది. అంతే సంగతి.

ఇంజనుకి భయపడొద్దు. నాది క్రిస్-క్రాఫ్ట్ ‘కె’, ఆరు సిలిండర్లు, 95 హార్స్‌పవరు, బ్లాకు హెర్క్యులస్ వారిది. సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. దీన్ని చల్లబరిచేది సరస్సు నీళ్ళే కాబట్టి గడ్డకట్టే చలి రాకముందే బ్లాకులోంచి చుక్క మిగలకుండా వదిలెయ్యాలి, లేదంటే ఇనుము పగులుతుంది. ఇంకోటి, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయరు (ఆ ఆవిరిని బయటికి తోలే ఫ్యాను) తిప్పి, ఆ తర్వాత ఇంజను మూత ఎత్తి వాసన చూడాలి. మా పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మీ బోటు మీద హల్ నంబరు (బోటు ఒంటికి కంపెనీ వేసిన నంబరు) కనిపిస్తే, అది క్రిస్-క్రాఫ్ట్ అయితే, వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్‌లో ఉన్న మ్యారినర్స్ మ్యూజియంకి రాయండి. ఒక్కో బోటు వివరాలు రాసిపెట్టిన కంపెనీ పాత కార్డులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, డబ్బు కడితే నకలు ఇస్తారు. నాది ఏ డీలరుకి వెళ్ళిందో, ఏ ఇంజను నంబరుతో వెళ్ళిందో అందులోనే చూసుకున్నాను. ఇన్సూరెన్స్ కావాలంటే ఇక్కడే ట్రావర్స్ సిటీలో హ్యాగర్టీ ఉంది. పాత కార్లవాళ్ళందరికీ తెలిసిన ఆ కంపెనీ 1984లో చెక్క బోట్లతోనే మొదలైంది.

ఇక నేను చెప్పాలని కూర్చున్నది ఇది. మే నెలలో బోటు నీళ్ళలోకి దింపినప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. ఆయనది తాళ్ళరేవు. ఉద్యోగం బడిపంతులే గానీ, కోరంగి వైపు చెక్క ఓడలు కట్టే వడ్రంగుల మధ్య పెరిగిన మనిషి. చలికాలమంతా షెడ్డులో ఎండి బోటు పలకలు ముడుచుకుపోయాయి, సందుల్లో పోస్టుకార్డు దూరేది. దింపడానికి కొన్ని రోజుల ముందునుంచీ డ్రైవ్‌వేలో పెట్టి, చెక్క ఉబ్బి సందులు మూసుకోవాలని, కింద తడి దుప్పట్లు పరిచి నీళ్ళు చల్లుతున్నాను. దానికి మా కాలనీ సంఘం నుంచి నోటీసు! ఇంటిముందు బోటు కనబడకూడదట. పక్కింటివాళ్ళ గ్యారేజీ ముందు ఏడాదిగా కదలని పికప్ ట్రక్కు కనబడొచ్చు.

మెరీనాలో క్రేను బెల్టుల మీద బోటుని నీళ్ళలోకి దించి, బెల్టులు విప్పకుండా అలాగే ఉంచాం. చూస్తుండగానే అడుగున నీళ్ళు చేరాయి. కీల్ (అడుగున పొడుగునా ఉండే వెన్నుదూలం) పక్క సందుల్లోంచి దారప్పోగంత సన్నటి ధారలు పైకి చిమ్ముతున్నాయి. ఆ నీళ్ళు తోడే పంపు ఆగీ ఆగీ మోగుతోంది. క్రేను కుర్రాడు “పైకి లేపెయ్యనా?” అని ఒకటే అడగడం. పక్క రేవులో ఫైబర్‌గ్లాస్ బోటాయన తమాషా చూడ్డానికి కుర్చీ కూడా వేసుకున్నాడు.

నాన్న ప్యాంటు మడిచి లోపలికి దిగి, ఒక ధార మీద వేలు పెట్టి తీసి, మళ్ళీ పెట్టి చూశారు. “కంగారేం లేదురా. తాగనీ. రేపటికి బిగుస్తుంది” అన్నారు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. “మా వైపు సందుల్లో నూలు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవారు. మీవాళ్ళు ఏం పెట్టారిక్కడ?” అడుగు రెండు పొరలని, మధ్యలో ముద్ద పట్టించిన గుడ్డ ఉంటుందని చెప్పాను. “అదీ బాగానే ఉందిలే” అన్నారు, మనసొప్పక. ఇంటికెళ్దాం పదండి నాన్నా అంటే కదల్లేదు. కార్లో సీటు వాల్చుకుని, అద్దం దించుకుని, పంపు ఎంత సేపటికోసారి మోగుతోందో వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. రాత్రి గడిచేకొద్దీ మధ్య విరామం పెరుగుతూ వచ్చింది. తెల్లారేసరికి పంపు దాదాపు ఊరుకుంది. పక్క బోటాయన కాఫీ తెచ్చిచ్చాడు, కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు.

ఇప్పుడు చాలామంది ఈ ఒక్క రాత్రి భరించలేక, గట్టి అడుగుని కూడా విప్పి పారేసి ‘5200’ అనే పాలీయూరిథేన్ జిగురుతో అంటించేస్తున్నారు. ఇక కారదు, నానబెట్టక్కర్లేదు, నిజమే. అడుగు నిజంగా పుచ్చిపోతే నేనైనా అదే చేస్తాను. గట్టి పలకల్ని మాత్రం నేను ముట్టను. బాగుచేసే షాపువాళ్ళు మాత్రం చూడకుండానే “అడుగు మొత్తం మార్చాలి” అంటారు, ఎందుకంటే బిల్లంతా అందులోనే ఉంది. ముగ్గురిని అడిగితే ముగ్గురూ అదే మాట. ఒక్కడూ కిందికి దూరలేదు.

మనవాళ్ళ గురించి కూడా చెప్పాలి. వచ్చిన ప్రతివాళ్ళూ “ఈ డబ్బుకి పాంటూన్ (చదునైన డెక్ ఉన్న షికారు బోటు) వచ్చేదిగా” అంటారు, అని ఎక్కి సెల్ఫీలు దిగుతారు. బూట్లతో ఎక్కొద్దంటే మొహం ముడుచుకుంటారు. పులిహోర డబ్బా తెల్ల సీటు మీద పెట్టి మూత తీసినవాళ్ళున్నారు. వినైల్ మీద పడ్డ పసుపు దేనికీ పోదు.

మీకొస్తున్న బోటు ఎక్కడుందో రాయలేదు. మిషిగన్, ఒహాయో వైపైతే చెప్పండి, ఏదైనా శనివారం నేనూ వస్తాను. ముందు అమ్మేవాడికి ఫోను చేసి అడుగు ఫొటోలు పంపమనండి, ఆరతో గుచ్చి చూడొచ్చా అని కూడా అడగండి. వద్దంటే అంత దూరం పోవడం దండగ.