ఎన్నారై సందేహాలు: బాబు అవుటైతే ఏడుస్తున్నాడు, నన్నేమో కోచ్‌గా రమ్మంటున్నారు

ప్రశ్న: నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. టెక్సాస్ వచ్చి మూడేళ్లయింది. మా బాబుకి తొమ్మిదేళ్లు, లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ లీగులో చేర్పించాం. స్ట్రైకవుటైతే (మూడు స్ట్రైకులు పడి అవుటైతే) చాలు, జట్టు కూర్చునే డగౌట్‌లో ఓ మూల చేరి ఏడుపు. ఫాల్ సీజన్‌కి కోచ్‌లు లేరు, మీరొచ్చి సాయం పట్టండని లీగ్ వాళ్లు అడుగుతున్నారు. నాకా క్రికెట్ తప్ప రాదు. ఇంకోపక్క పిల్లల్ని ఊరూరా టోర్నమెంట్లకి తిప్పే ఓ ట్రావెల్ టీమ్ వాళ్లు ‘మా దగ్గర చేరిస్తే గట్టిపడతాడు’ అంటున్నారు. ఫీజు వేలల్లో ఉంది. సెలవులకి ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాం. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ ట్రావెల్ టీమ్‌కి అడ్వాన్స్ కట్టకండి బాబూ. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. గుండె దిటవు అనేది ఫీజు కట్టి కొనుక్కొచ్చే సరుకైతే అమెరికాలో డబ్బున్నవాళ్ల పిల్లలెవరూ డగౌట్‌లో ఏడవకూడదు. మొన్న మొన్న వచ్చిన మనవాళ్లకి ఇదో జబ్బు. పిల్లాడికి ఏదైనా రాకపోతే మొదట కొత్త బ్యాటు, తర్వాత ప్రైవేటు లెసన్లు, ఆ తర్వాత ట్రావెల్ టీమ్. ఇంట్లో అరగంట బంతి విసిరే ఓపిక మాత్రం ఉండదు. మా తరం వచ్చినప్పుడు చెప్పేవాడూ లేడు, చేతిలో డాలరూ లేదు. అయినా పిల్లల్ని ఆడించుకున్నాం.

ఏడుపు సంగతికొద్దాం. దాని మూలం మీ క్రికెట్‌లో ఉంది. క్రికెట్‌లో అవుటంటే ఆ ఇన్నింగ్స్‌కి ఇక కథ అయిపోయినట్టే. మధ్యాహ్నమంతా గట్టు మీద కూర్చోవాలి. ఆ భయం తండ్రి ఒంట్లో ఉంటుంది, పిల్లాడు తండ్రి మొహంలోంచి దాన్ని చదివేస్తాడు. బేస్‌బాల్‌లో లెక్క వేరు. లిటిల్ లీగ్ ఆట ఆరు ఇన్నింగ్స్, అందులో మీవాడికి రెండు మూడు సార్లు బ్యాటు పట్టే వంతు వస్తుంది. పదింట మూడు హిట్లు కొడుతూ పోయినవాణ్ణి పెద్ద లీగుల్లో మంచి బ్యాటరంటారు. 1941లో టెడ్ విలియమ్స్ సగటు .406, దాన్ని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆ మహానుభావుడు కూడా లెక్కకొచ్చిన పది అవకాశాల్లో ఆరింట్లో హిట్ లేకుండానే పోయాడు. ఓడిన కాసేపటికే మళ్లీ బ్యాటు పట్టుకునే ఆట ఇది. అందుకే పిల్లల్ని గట్టిపరచడానికి బాగా పనికొస్తుంది.

ఊళ్లో వాడి తాతగారికి ఇది బుర్రకెక్కకపోతే బ్యాడ్మింటన్ ఆడే అమలాపురం సాత్విక్ సాయిరాజ్ పేరు చెప్పండి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ బంగారం తెచ్చినవాడు కూడా ఒక్కో గేమ్‌లో పదీ పదిహేను పాయింట్లు వదులుకుంటూనే 21కి చేరతాడు. పాయింటు పోయినప్పుడల్లా ఏడుస్తూ కూర్చుంటే తర్వాతి సర్వీస్ ఎవరు తీస్తారు?

కాబట్టి నేర్పాల్సింది ఏడవకుండా ఉండటం కాదు. ‘ఏడవకు’ అన్న మాట పని చెయ్యదు, పైగా సిగ్గు కలుపుతుంది. ఒక బంతికీ మరో బంతికీ మధ్య ఏం చెయ్యాలో నేర్పాలి. బ్యాటరు నిలబడే బాక్సు (నేల మీద గీసిన గడి) బయట ఒక పాదం పెట్టాలి, రెండోది లోపలే. బ్యాటు మీద కంపెనీ అచ్చు ఎక్కడుందో అక్కడ చూపు నిలపాలి. ముక్కుతో గాలి పీల్చి నోటితో నెమ్మదిగా వదలాలి. మళ్లీ లోపలికి. మొత్తం అయిదారు సెకన్లు. ఫీల్డింగ్‌లో బంతి వదిలేస్తే బూటుతో మట్టి ఒకసారి చదును చేసి, టోపీ అంచు ముట్టుకుని, ‘నెక్స్ట్ వన్’ అనుకోవాలి. ఇక్కడే చాలామంది కోచ్‌లు పొరపడతారు: తప్పు జరిగినప్పుడు మాత్రమే చేయిస్తారు. అప్పుడది శిక్షలా ఉంటుంది. మంచి హిట్ కొట్టినా అదే, స్ట్రైక్ పడినా అదే, కొట్టకూడని బయటి బంతి (దాన్నే ‘బాల్’ అంటారు) వదిలినా అదే చెయ్యాలి. ప్రాక్టీసులో ప్రతి బంతికీ చేయించకపోతే మ్యాచ్‌లో గుర్తు రాదు.

మీవాడు స్ట్రైకవుట్ అయ్యేది ఎలాగో కూడా చూడండి. ఊపి తప్పితే ఒకటి, ఊపకుండా నిలబడిపోతే ఇంకొకటి. క్రికెట్ ఇళ్ల పిల్లల్లో రెండోది ఎక్కువ. బయటి బంతిని వదిలెయ్యడం మనకి మర్యాద, అక్కడ మూడో స్ట్రైక్ వదిలితే నేరుగా డగౌట్‌కే. దానికి మందు ఉంది. ప్రాక్టీసులో ప్రతి బ్యాటింగూ రెండు స్ట్రైకులతో మొదలుపెట్టండి. పట్టు అంగుళం పైకి జరిపించండి, స్ట్రైక్ జోన్‌కి (కొట్టదగ్గ ఎత్తూ వెడల్పూ ఉన్న చోటుకి) దగ్గరగా వచ్చిన ప్రతిదాన్నీ కొట్టమనండి. వారం రెండు వారాల్లో ‘రెండు స్ట్రైకులు’ అన్న మాటకి బిగుసుకుపోవడం తగ్గుతుంది.

ఊపేలోగా ముందు కాలు బంతికి దూరంగా, మూడో బేస్ వైపు పారిపోతుంటే మాత్రం అది బంతి భయం. భయపడొద్దని చెప్పి లాభం లేదు, తగిలినా ఫర్వాలేదనిపించే పద్ధతి నేర్పాలి. బంతి ఒంటి మీదకొస్తే ముందు భుజం లోపలికి ముడిచి, గడ్డం దించి, వీపు పిచ్చర్ (బంతి విసిరేవాడు) వైపు తిప్పాలి. బ్యాటు కిందికి రావాలి. టెన్నిస్ బంతితో రోజూ పది సార్లు కావాలని వీపుకి విసరండి. నవ్వుకుంటూ తిరుగుతాడు. ఆ తర్వాత మడమ వెనక ఓ తాడు పరిచి, తాడు తొక్కకుండా ఊపమనండి.

ఊళ్లో ఉన్నారు కాబట్టి ఈ పనంతా అక్కడే అవుతుంది, పైసా ఖర్చు లేకుండా. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలాక చేలల్లో దమ్ము మొదలవుతుంది, అక్కడ చోటుండదు. కళ్లం చూసుకోండి, లేదా స్కూలు గ్రౌండు. కాయలున్న కొబ్బరిచెట్ల కింద మాత్రం వద్దు, హెల్మెట్ బంతికోసం చేసింది. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి ఏడు లోపు ముగించండి. డెల్టా ఉక్కపోతకి టెక్సాస్ ఎండ అలవాటున్న పిల్లలు కూడా తట్టుకోలేరు.

బంతిని కదలకుండా నిలబెట్టి కొట్టే బ్యాటింగ్ టీ అమెరికా స్టోర్‌లో కొంటే నలభై, యాభై డాలర్లు. మీకెందుకు? రెండున్నర అడుగుల అంగుళం పీవీసీ పైపు ఒకటి, పాత బకెట్టు, నిండా ఇసుక. పైపు అడుగుదాకా దించి ఇసుక కూరండి, వదులుగా ఉంటే బ్యాటు తగిలిన ప్రతిసారీ వాలిపోతుంది. పైన ఆరంగుళాల మోటారు రబ్బరు గొట్టం తొడగండి, ఆ గొట్టం పైపు అంచు కంటే మూడంగుళాలు పైకి ఉండాలి. లేకపోతే బ్యాటు నేరుగా ప్లాస్టిక్‌కి తగిలి రెండూ పాడవుతాయి. వల కూడా కొనకండి. పాలకొల్లు, భీమవరం చుట్టూ చేపల చెరువులున్న ఏ ఇంట్లో అడిగినా పాత వల ఇస్తారు. కన్ను రెండంగుళాలకి మించకూడదు. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున రెండు వాసాలకి కట్టండి. బిగించి కడితే బంతి తిరిగొచ్చి పిల్లాడి మొహానికే తగులుతుంది, కింద రెండడుగులు వదులుగా వేలాడనివ్వండి. వాసన అంటారా, రెండు వానలు పడితే పోతుంది.

టీ మీద అయిదేసి చొప్పున ఇరవై అయిదు ఊపులు చాలు. వంద కొట్టిస్తే చివరి యాభై తప్పుడు ఊపులే అలవాటవుతాయి. తర్వాత గ్లవ్ లేకుండా, దొర్లించిన టెన్నిస్ బంతులు ఇరవై: మోకాళ్లు వంచి, చేతులు ముందే నేలకి దించి, ఎడమ చేత్తో ఆపి కుడి చెయ్యి మూతలా వెయ్యాలి. ఆ తర్వాత రెండు స్ట్రైకుల బ్యాటింగ్ పది వంతులు. అంతే. చుట్టాల పిల్లలు నలుగురైదుగురు పోగైతే మీవాణ్ణే వాళ్లకి రూల్స్ చెప్పమనండి. కొడితే పరిగెత్తి తీరాలనీ, మొదటి బేస్ దాటి పరిగెత్తవచ్చనీ వాళ్లకి వివరించేసరికి వాడి గొంతు మారుతుంది. ఆ పిల్లలు వెక్కిరిస్తారు కూడా. వెక్కిరించనివ్వండి, మీరు మధ్యలోకి వెళ్లకండి.

గ్లవ్‌కి వర్షాకాలం గండం. తడి గ్లవ్ సంచిలో పెడితే మర్నాటికి బూజు. ఎండలో పెడితే తోలు పెళుసెక్కుతుంది. ఫ్యాను కింద, లోపల బంతి పెట్టి ఆరబెట్టండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పట్టించకండి, బరువెక్కి ముద్దైపోతుంది. తిరుగు ప్రయాణంలో బ్యాటు చెకిన్ సామానులో వెయ్యాలి, క్యాబిన్‌లోకి రానివ్వరు.

కోచ్‌గా వెళ్లమనే నా సలహా. మీకు బేస్‌బాల్ రాదన్నది పెద్ద అడ్డంకి కాదు, పన్నెండు మంది పిల్లల్ని ఖాళీగా నిలబెట్టకుండా ఉంచడం వస్తే చాలు. పిల్లలు పాడయ్యేది ఆ ఖాళీలోనే: ఒకడు బ్యాటు పట్టుకుంటాడు, పదకొండు మంది గడ్డి పీకుతుంటారు. గంటంబావు ప్రాక్టీసు, మూడు చోట్లు, ఒక్కో చోట నలుగురు, పదేసి నిమిషాలకి మారడం. ఒకచోట టీ, ఒకచోట గ్రౌండ్ బంతులు, ఒకచోట విసిరి పట్టడం. ప్రతి చోటా ఒక తండ్రో తల్లో ఉండాలి, అది మీరు మొదటి మీటింగ్‌లోనే అడిగి తీసుకోండి. చివరి పదినిమిషాలు ఒత్తిడి ఆట: ఆఖరి ఇన్నింగ్స్, రెండు అవుట్లు, మూడో బేస్‌లో రన్నర్. ప్రతివాడూ బ్యాటరుగా ఒకసారి, ఫీల్డరుగా ఒకసారి. మ్యాచ్‌లో ఆ ఘట్టం వచ్చినప్పుడు వాళ్లకి కొత్తగా ఉండదు.

బంతి గాలిలో ఉండగా సలహాలివ్వకండి. ‘మోచెయ్యి పైకెత్తు’ అని అరిస్తే వాడు మోచెయ్యి చూసుకుంటాడు, బంతి వెళ్లిపోతుంది. ఆటయ్యాక మాట్లాడేది రెండు నిమిషాలు. బాగా జరిగినవి రెండు, వచ్చే ప్రాక్టీసులో చేసేది ఒకటి. కారులో మీరు నోరు మెదపకండి, వాడు ఎత్తితేనే మాట్లాడండి. కారులో పోస్ట్‌మార్టం చెయ్యడం మన నాన్నల ప్రత్యేకత. పదోతరగతి మార్కుల రోజు నుంచీ వస్తున్న అలవాటు.

మీవాడు మీ జట్టులోనే ఉంటాడు కదా, అది ఇంకో తలనొప్పి. మనవాళ్లలో కొందరు కొడుకుని పిచ్చర్‌గా నిలబెట్టేసి మిగతా పిల్లల్ని అవుట్‌ఫీల్డ్‌కి తోలేస్తారు, ఇంకొందరు పక్షపాతమంటారేమోనని సొంత పిల్లాణ్ణే అందరి ముందూ తిడతారు. రెండూ వద్దు. మీవాడికి చెప్పాల్సిన మాటలు అసిస్టెంట్ కోచ్‌తో చెప్పించండి, అతని పిల్లాడికి మీరు చెప్పండి. ఎవరెవరు ఏ ఇన్నింగ్స్‌లో ఎక్కడో ముందురోజే కాగితం మీద రాసుకుంటే గొడవ సగం తగ్గుతుంది. ప్రతి పిల్లాడికీ కనీస ఆట ఇవ్వాలన్న నియమం ఎలాగూ ఉంది. పిచ్ కౌంటు (ఒక్కో పిచ్చర్ ఎన్ని బంతులు విసిరాడన్న లెక్క) కూడా మీరే చూసుకోవాలి: 9-10 ఏళ్లవాళ్లకి రోజుకి 75, 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. మిగతా పట్టిక లిటిల్ లీగ్ రూల్ పుస్తకంలో ఉంది. కోచ్‌లకి బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి, ఫారం లీగ్ వాళ్లే ఇస్తారు.

బ్యాక్‌స్టాప్ (బ్యాటరు వెనకుండే కంచె) అవతల తల్లిదండ్రులు ఒక్కోసారి సంక్రాంతికి భీమవరం బరి చుట్టూ ఉన్నట్టే ఉంటారు. అంపైర్‌గా నిలబడేది చాలాచోట్ల హైస్కూలు పిల్లాడు. వాడి మీద మీ జట్టు తల్లిదండ్రులు అరిస్తే ఆపాల్సింది మీరే. కోచ్ స్ట్రైకు గురించి చేతులెత్తి వాదిస్తే, ఆ సాయంత్రానికల్లా పన్నెండు మంది పిల్లలు తమ తప్పుకి అంపైర్ని కారణంగా చూపడం నేర్చుకుంటారు. మీరు నేర్పిన ఊపిరి పద్ధతులన్నీ అక్కడితో వృథా. ఇంకో చిన్న పని: ఎవరి బ్యాగు వాళ్లే మొయ్యాలి, హెల్మెట్లు సర్దేది వంతుల మీద పిల్లలే. బ్యాగు మోసే అమ్మలు మనవాళ్లలోనే ఎక్కువ కనిపిస్తారు, ఆ అమ్మలకి మీరే మెల్లిగా చెప్పండి.

ఇక డబ్బు. తొమ్మిదేళ్లవాడికి కావాల్సింది పదకొండు, పదకొండున్నర అంగుళాల గ్లవ్ ఒకటి, రబ్బరు గుబ్బల క్లీట్స్, గార్డు, ఓ బ్యాటు. బ్యాటు 28 అంగుళాలదైతే సరిపోతుంది. చెయ్యి చాచి అడ్డంగా పట్టుకుని ఇరవై లెక్కపెట్టేలోగా వణికితే బరువెక్కువ. లిటిల్ లీగ్‌లో 2018 నుంచి, ఒకే చెక్కతో చేసినవి తప్ప, యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాటే చెల్లుతుంది, ట్రావెల్ టోర్నమెంట్లలో చాలాచోట్ల వేరే ముద్ర వాడతారు. ముద్ర చూడకుండా మూడొందల డాలర్లు పోసి కొని, అంపైర్ చేత పక్కన పెట్టించుకున్నవాళ్లు మనలో బోలెడు. వాడిన బ్యాటు నలభై డాలర్లకి దొరుకుతుంది, ఏడాదికి పొట్టయిపోయే వస్తువుకి అంతే ఎక్కువ.

ట్రావెల్ టీమ్ ఫీజు మాత్రమే చూసి మోసపోకండి. వారాంతం హోటళ్లు, పెట్రోలు, గేటు టికెట్లు, జట్టు జాకెట్లు కలిపితే ఫీజుకి రెట్టింపు అవుతుంది. దానికి వాళ్లు చూపించే ఆశ కాలేజీ స్కాలర్‌షిప్. మొన్నటి దాకా డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై మెట్టు) బేస్‌బాల్ జట్టు మొత్తానికీ 11.7 స్కాలర్‌షిప్‌లే పరిమితి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025-26 నుంచి ఆ పరిమితి ఎత్తేసి, ఆటగాళ్లకి డబ్బు పంచే కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకి జట్టుకి 34 మంది అన్న హద్దు పెట్టారు. అంతమాత్రాన ప్రతి కాలేజీ అందరికీ డబ్బిస్తుందని కాదు. ఆ ఫీజు తీసి పిల్లాడి 529 ఖాతాలో (చదువుకోసం దాచే ఖాతా) వేస్తే కాలేజీ నాటికి కళ్లముందుంటుంది. పన్నెండేళ్లొచ్చాక వాడే అడిగితే, వాడికి నిజంగా చేతనైతే, అప్పుడు ఆలోచించండి.

ఫాల్ రిజిస్ట్రేషన్ చాలా లీగుల్లో ఆగస్టు లోపే ముగుస్తుంది, పాలకొల్లు నుంచే ఆన్‌లైన్‌లో చేసెయ్యండి. కోచ్‌ల పిల్లలకి ఫీజు తగ్గించే లీగులున్నాయి. వాళ్లంతట వాళ్లు చెప్పరు, మెయిల్లో అడగండి.