పాఠకుల ప్రశ్నలు: మతపాఠం లేని బడి, ఇంట్లో తెలుగు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. మనుమరాలికి వచ్చే ఫిబ్రవరిలో నాలుగేళ్లు నిండుతాయి. ఇంటి చుట్టుపక్కల బడులన్నీ చర్చి నడిపేవేనట. మాకు ఏ మతం మీదా కోపం లేదు. బడిలో మాత్రం ఏ మతమూ నేర్పకుండా ఉంటే బాగుండునని వాళ్ల కోరిక. అసలు అట్లాంటి బడి దొరుకుతుందా? ఇంకో సంగతి. ఇంట్లో తెలుగే మాట్లాడితే పిల్ల బడిలో వెనకబడుతుందని, ఇప్పటినుంచే ఇంగ్లీషుకు మారమని ఎవరో చెప్పారట. నిజమేనా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: దొరుకుతుందమ్మా. అయితే బోర్డు మీద పేరు చూసి నమ్మవద్దు. ఐర్లండ్‌లో ప్రాథమిక బడుల టీచర్లకు జీతాలిచ్చేది ప్రభుత్వమే. బడి ఏ సంస్థ ఆధ్వర్యంలో ఉంటే అక్కడ ఆ సంస్థ తీరే నడుస్తుంది. దాదాపు పదింట తొమ్మిది బడులు కేథలిక్ చర్చి ఆధ్వర్యంలో ఉన్నాయి. అందుకే ‘నేషనల్ స్కూల్’ అని కనిపించగానే మన జిల్లా పరిషత్ బడి లాంటిదనుకుంటే పొరపాటే. పేరులో ‘సెయింట్’ ఉంటే వెంటనే తెలిసిపోతుంది. అదే మాట ఐరిష్‌లో ‘నీవ్’ అని ఉంటే మనవాళ్లు దాటిపోతారు.

పేర్లతో తిప్పలు పడకుండా, విద్యాశాఖ ప్రకటించే బడుల జాబితా తెరవమనండి. ప్రతి బడికి ఎదురుగా ‘ఎథోస్’, అంటే మతం విషయంలో ఆ బడి తీరు, అనే గడి ఉంటుంది. అందులో ‘మల్టీ డినామినేషనల్’, అంటే ఏ ఒక్క మతానికీ చెందనిది, అని ఉన్నవే మీకు పనికొచ్చేవి. ‘ఇంటర్ డినామినేషనల్’ అన్నది చూడటానికి దగ్గరగా ఉన్నా వేరు. అక్కడ కేథలిక్కులు, ప్రొటెస్టంట్లు కలిసి చదువుతారు, క్రైస్తవ బోధన ఉంటుంది. ఈ రెండు మాటల దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు.

మల్టీ డినామినేషనల్ బడులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ‘ఎడ్యుకేట్ టుగెదర్’ బడులు. వాటిలో మొదటిది 1978లో డబ్లిన్ దగ్గర డాల్కీలో తల్లిదండ్రుల చొరవతో మొదలైంది. రెండోది ‘కమ్యూనిటీ నేషనల్ స్కూల్స్’. ఇవి 2008 నుంచి ఉన్నాయి, నడిపేది ప్రభుత్వ విద్యా శిక్షణ బోర్డులు. రెండింట్లోనూ అన్ని మతాల గురించీ, మతం లేనివాళ్ల గురించీ తెలియజెబుతారు, ఏదో ఒక మతాన్ని సత్యమని నేర్పరు. బతుకమ్మ గురించి పిల్ల చెబితే వింటారు, దీపావళి నాడు తల్లిని పిలిచి చెప్పమని అడిగినా అడుగుతారు. సెక్యులర్ అంటే పండుగ ఊసే ఉండదని మీరు దిగులు పడనక్కరలేదు.

అట్లాంటి బడి దూరమై, ఇంటి పక్కన కేథలిక్ బడే ఉంటే? దానికీ దారి ఉంది. మతబోధన వద్దనే హక్కు తల్లిదండ్రులకు అక్కడి రాజ్యాంగమే ఇచ్చింది. కానీ హక్కు కాగితం మీద ఒక తీరు, తరగతి గదిలో ఒక తీరు. మతపాఠం రోజూ దాదాపు అరగంట. ఆ అరగంట పిల్లను చూసుకోవడానికి వేరే టీచరు ఉండరు కాబట్టి చాలాచోట్ల అదే గదిలో వెనక బల్ల మీద బొమ్మలకు రంగులు వేస్తూ కూర్చోబెడతారు. పాట, ప్రార్థన చెవిన పడుతూనే ఉంటాయి. రెండో తరగతికి, అంటే ఏడెనిమిదేళ్లకు, ‘ఫస్ట్ కమ్యూనియన్’ అనే కేథలిక్ పిల్లల చర్చి వేడుక వస్తుంది. ఆ ఏడాది పాటలు నేర్పడం, చర్చికి తీసుకెళ్లడం ఎక్కువ. అందరూ తెల్ల గౌన్ల గురించి మాట్లాడుకుంటుంటే తాను ఒక్కతే పక్కన ఉండటం ఆ వయసు పిల్లకు కష్టమే. కొందరు తల్లిదండ్రులు అప్పుడు బడి మారుస్తారు, స్నేహితులు పోయారని పిల్ల ఏడుస్తుంది. ఈ సంగతి చేర్పించే ముందే ఆలోచించాలి.

అందుకే ప్రిన్సిపాల్‌ను ‘మతపాఠం మానుకోవచ్చా’ అని అడగవద్దు. మానుకోవచ్చనే అంటారు. ‘ఆ అరగంట మా పాప ఎక్కడ కూర్చుంటుంది, చేతిలో ఏముంటుంది, రెండో తరగతిలో ఏం చేస్తారు’ అని అడగమనండి. మతపాఠం వద్దనుకునే పిల్లలకు ఏం ఏర్పాటు చేస్తారో ప్రతి బడీ తన ప్రవేశ విధానంలో రాసి తీరాలని ఐర్లండ్ 2018 ప్రవేశాల చట్టం చెబుతోంది. ముందు ఆ పేరా చదివి వెళితే మాట సూటిగా సాగుతుంది.

సీటు కోసం బాప్టిజం ఇప్పించమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అదే 2018 చట్టంతో కేథలిక్ ప్రాథమిక బడులు మతాన్ని బట్టి పిల్లల్ని ముందూ వెనకా చేయడం ఆగిపోయింది. సీట్లు చాలనప్పుడు తమ మతం పిల్లలకు ముందు ఇచ్చే వెసులుబాటు చిన్న మతాల బడులకు మాత్రమే మిగిలింది.

ఇక తేదీలు. పుట్టగానే పేరు రాయించే పాత అలవాటు ఇప్పుడు చెల్లదు. వచ్చే సెప్టెంబర్‌లో చేరాలంటే అంతకుముందు అక్టోబర్ 1 కంటే ముందు ఏ బడీ దరఖాస్తు తీసుకోకూడదు. దరఖాస్తులకు కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. ఒక్కో బడి తేదీ ఒక్కో రకం. అక్టోబర్ మొదటి వారంలోనే నాలుగైదు బడుల ప్రవేశ ప్రకటనలు తీసి, తేదీలు క్యాలెండర్‌లో రాసుకోవాలి. ఒకే బడిని నమ్ముకుని కూర్చుంటే చిక్కు, ఎందుకంటే మల్టీ డినామినేషనల్ బడులకు గిరాకీ ఎక్కువ. పిల్ల పుట్టిన సర్టిఫికెట్, చిరునామా చూపే కరెంటు బిల్లు లాంటిది సిద్ధంగా ఉంచుకోవాలి. అద్దె ఇల్లు మారే ఆలోచన ఉంటే దరఖాస్తుకు ముందే మారడం మేలు, చాలా బడులు దగ్గరివాళ్లకు ముందు ఇస్తాయి. సీటు వచ్చినట్టు ఉత్తరం రాగానే గడువులోపు ఒప్పుకోలు పంపాలి. మెయిల్ స్పామ్‌లో పడి, గడువు దాటి, వచ్చిన సీటు పోవడం అరుదేమీ కాదు. సీట్లు నిండాయని కాదంటే, 21 రోజుల్లో బడి బోర్డుకు రాతపూర్వకంగా పునఃపరిశీలన అడగాలి. అప్పీలు దాని తర్వాతే.

ఈసారి కుదరకపోయినా తొందర లేదు. అక్కడ బడి తప్పనిసరి అయ్యేది ఆరేళ్లకు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే రెండేళ్ల ప్రీ స్కూల్‌లో, రోజుకు మూడు గంటల చొప్పున, రెండో ఏడు పూర్తి చేసి ఐదేళ్లు దాటాక చేర్చినా నష్టం లేదు.

ఇప్పుడు తెలుగు సంగతి. ఇంట్లో ఇంగ్లీషుకు మారమన్న సలహా తప్పు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. నారాయణపేటలో పిల్లలు కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతూ పెరుగుతున్నారు. పాలమూరు నుంచి బొంబాయికి వలస పోయినవాళ్ల పిల్లలు వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడారు. ఎవరి మాటా చెడిపోలేదు. బడిలో చేరిన కొత్తలో పిల్ల కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు తెరవకపోవచ్చు. వింటోంది, కూడబెడుతోంది. ‘నాకు వాటర్ గావాలె’ అని కలిపి అన్నా అది లోపం కాదు. ‘గావాలె’ కాదు ‘కావాలి’ అని దిద్దే పనికూడా పెట్టుకోవద్దు. అది మీ ఇంటి మాట, దానితోనే ఆమె మీతో మాట్లాడుతుంది.

దరఖాస్తులో ‘ఇంటి భాష’ అన్న గడిలో ‘తెలుగు’ అనే రాయాలి. ఇంగ్లీషు అని రాస్తే తెలివైన పిల్ల అనుకుంటారని కొందరు అట్లా రాస్తారు. దాంతో ఇంగ్లీషు అదనంగా నేర్పే టీచరు సాయం చేజారుతుంది. ‘ఇండియన్’ అని రాయడం ఇంకా తప్పు, ఆ పేరుతో భాషే లేదు.

మీరు చేయగలిగింది ఒకటి ఉంది. చిన్న తరగతులకు అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతానికే బడి వదులుతారు. వాళ్ల రెండు గంటలు చలికాలంలో మన రాత్రి 7:30, ఎండాకాలంలో 6:30. ఆ వేళ వీడియోలో రొట్టె కొడుతూ మాట్లాడండి. ‘ఏం జేసినవ్ బిడ్డా’ అని అడిగితే ‘ఏం లేదు’ అంటుంది. ‘పక్కన ఎవరు కూసున్నరు, డబ్బాల ఏం దిన్నవ్’ అని అడగండి, కథంతా వస్తుంది.

ప్రశ్న: మా కొడుకు కుటుంబం లెస్టర్‌కు మారుతోంది. మనుమడికి పదేళ్లు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడులు సెక్యులరేనా?
- ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: పూర్తిగా కావు. అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే మామూలు బడిలోనూ రోజూ సామూహిక ప్రార్థన ఉండాలనేది చట్టం, అది ప్రధానంగా క్రైస్తవ తీరులో ఉండాలని కూడా. చాలా బడులు దాన్ని నీతి మాటలు చెప్పే అసెంబ్లీగా నడిపిస్తాయి. వద్దనుకుంటే తల్లిదండ్రులు ఒక ఉత్తరం రాస్తే చాలు, కారణం చెప్పనక్కరలేదు. దరఖాస్తుతో పాటు చర్చికి హాజరైనట్టు అదనపు ఫారం అడుగుతుంటే అది మతసంస్థ బడి అని గుర్తు.

పదేళ్లంటే హైస్కూలు దగ్గరికి వచ్చినట్టే. సెప్టెంబర్‌లో ‘ఇయర్ 7’లో, అంటే అక్కడి హైస్కూలు మొదటి తరగతిలో, చేరాలంటే ముందటేడు అక్టోబర్ 31 లోపు కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాలి, ఫలితం మార్చి 1న. ఫారంలో ఒక్క బడి పేరే రాస్తే అదే ఇస్తారన్న నమ్మకం మనవాళ్లలో ఉంది. అట్లా ఇవ్వరు. ఆ బడి నిండితే ఎక్కడో మిగిలిన బడికి వేస్తారు. ఇచ్చిన గడులన్నీ నింపాలి, చివరి గడిలో ఇంటికి దగ్గరై, సీటు ఖాయంగా వచ్చే బడిని పెట్టాలి.

ప్రశ్న: రెండేళ్లలో నల్లగొండకు తిరిగి వచ్చేస్తాం. పాపకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అక్కడి బడుల్లో తెలుగు తప్పనిసరా?
- ఒక పాఠకురాలు, ప్రస్తుతం విదేశంలో

జవాబు: తప్పనిసరే. తెలంగాణ 2018లో చేసిన చట్టం ప్రకారం ఇక్కడ ఒకటి నుంచి పది వరకు తెలుగు బోధించాలి, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడులకూ అది వర్తిస్తుంది. రెండేళ్లు చాలా సమయం. రోజూ పదిహేను నిమిషాలు చాలు. వర్ణమాల వరుసలో కాకుండా ఒకే ఆకారంలో ఉండేవి కలిపి మొదలుపెట్టండి: వ, ప, మ, య. నాలుగక్షరాలు రాగానే మాటలు రాయించండి. గుణింతాల్లో ముందు తలకట్టు, దీర్ఘం, గుడి మాత్రమే. ఒత్తులకు తొందరపడవద్దు. పిల్లలు తెలుగు రాయడం మానేసేది ఎక్కువగా అక్కడే. మొదట ‘అమ్మ’, ‘అయ్య’, ‘అక్క’ లాంటి, ఆ అక్షరమే తన కింద తాను వచ్చే మాటలు వారానికి మూడు రాయిస్తే ఒత్తు అంటే ఏమిటో చేతికి పడుతుంది.